కట్టు పారబోయకండి: బొబ్బర్లన్నానికి తలకిందుల సలహాలు

బొబ్బర్లన్నం వండాలనుకునేవాళ్ళు ముందు చెయ్యాల్సిన పని, మంచి వంట గురించి ఇన్నాళ్ళూ విన్న మాటల్లో సగం పక్కన పెట్టెయ్యడం. గింజలు రాత్రే నానబెట్టాలి, నానిన నీళ్ళు పారబోయాలి, కుక్కర్లో మూడు విజిల్స్ రానివ్వాలి, ఉప్పు చివర్న వెయ్యాలి, సన్నబియ్యమే వాడాలి, మెతుకులు తెల్లగా విడివిడిగా రావాలి, అడుగంటకూడదు. ఈ జాగ్రత్తలన్నీ పాటించి వండితే చూడ్డానికి ముచ్చటగా, తింటే చప్పగా ఉండే అన్నం వస్తుంది. అందులో బొబ్బర్లు ఉంటాయి, బొబ్బర్ల రుచి ఉండదు.

నా సలహాలన్నీ వీటికి ఎదురు నడుస్తాయి. విన్నవాళ్ళు తలకిందులుగా ఉన్నాయంటారు. పెళ్ళిళ్ళకి వండే చెయ్యి తిరిగిన వంటవాళ్ళు కూడా ఒప్పుకోరు. అయినా వీటి మీద నాకు గట్టి నమ్మకం. అన్నిటికీ మూలం ఒకటే మాట: బొబ్బర్లు ఉడికిన నీళ్ళలోనే బియ్యం ఉడకాలి. ఆ నీళ్ళే కట్టు. పెసరకట్టుని పథ్యానికి వాడతాం. ఉలవకట్టుని గంటల తరబడి మరిగించి చారు కాచుకుంటాం. బొబ్బర్ల కట్టుని మాత్రం రంగు బాగాలేదని, వాతం చేస్తుందని తూములో పోసేస్తాం. రుచంతా అందులోకి దిగాక పోసేస్తాం.

విశాఖ దగ్గర మా పద్మనాభం ఊరి చుట్టుపక్కల బొబ్బర్లు తెలియని ఇల్లు లేదు. దసరా నవరాత్రుల్లో గుగ్గిళ్ళు, వాన పడితే వడలు, నవగ్రహాల పూజలో శుక్రుడి వాటాకి గుప్పెడు గింజలు. అన్నంలోకి మాత్రం రానివ్వరు. పులగమంటే పెసరపప్పే. బొబ్బర్లన్నం అనగానే "అదేటి, కూలికెళ్ళేవాళ్ళ తిండి కదా" అని ముఖం చిట్లించేవాళ్ళు నాకు తెలుసు. ఆ చిన్నచూపు పోవాలనే ఇంత పట్టుదలగా రాస్తున్నాను.

ఇదే వంటని అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో 'హాపిన్ జాన్' అంటారు, కొత్త సంవత్సరం మొదటి రోజున తింటారు. ఆ రోజు బొబ్బర్లు తింటే ఏడాదంతా చేతిలో డబ్బాడుతుందని వాళ్ళ నమ్మకం. బొబ్బర్లు పుట్టింది ఆఫ్రికాలో. మన దేశానికి వేల ఏళ్ళ కిందటే వచ్చి స్థిరపడ్డాయి. అమెరికాకి మాత్రం, బానిసలుగా ఓడల్లో కుక్కి తీసుకెళ్ళిన పశ్చిమ ఆఫ్రికా మనుషులతో వెళ్ళాయి. కరోలినా తీరంలో బురదలో దిగి వరి పండించింది ఆ మనుషులే. బొబ్బర్లూ బియ్యమూ ఒకే కుండలో వండే పద్ధతీ వాళ్ళదే. 1847లో చార్లెస్టన్‌కి చెందిన సారా రట్లెడ్జ్ తన పేరు వేసుకోకుండా అచ్చు వేయించిన 'ది కరోలినా హౌస్‌వైఫ్' అనే వంటల పుస్తకంలో ఈ వంట ఉంది. ఆవిడ చెప్పింది ఎర్రగింజల రకంతో. గింజలెంతో బియ్యం అంత. ముందు గింజలు ఉడకాలి, సగం ఉడికాక ఉప్పులో ఊరబెట్టిన పందిమాంసం వెయ్యాలి. గింజలు బాగా ఉడికాక, కడిగి గాలించిన బియ్యం అదే కుండలో పోయాలి. అరగంట ఉడికాక కుండని మంట మీంచి తీసి నిప్పుల మీద మగ్గబెట్టాలి. వార్చమని గానీ, నీళ్ళు పారబోయమని గానీ ఎక్కడా లేదు. పందిమాంసం తీసేస్తే మిగిలేది మన అత్తెసరే.

పశ్చిమ ఆఫ్రికాలోని ఘనాలో 'వాచే' అని ఇలాంటి అన్నమే వండుతారు. గింజల నుంచి దిగే రంగు చాలదని ఎండిన జొన్న ఆకుల తొడుగులు కూడా కుండలో వేసి, అన్నం ముదురు ఎరుపు తిరిగేదాకా ఉడికిస్తారు. వాళ్ళు రంగు కొని మరీ వేస్తున్నారు, మనం ఉన్న రంగు తూముపాలు చేస్తున్నాం.

చిన్నవి, రంగున్నవి కొనండి

దుకాణంలో పెద్దగా, తెల్లగా, నల్ల కన్నుతో అందంగా కనిపించే బొబ్బర్లు గుగ్గిళ్ళకి బాగుంటాయి. అన్నానికి చిన్నవి, ఎర్రవి, గోధుమ రంగువి వెతకండి. కట్టుకి రంగూ చిక్కదనమూ వాటితోనే వస్తాయి. మా వైపు ఎర్రమట్టి మెట్టల్లో వాన మీదే ఆధారపడి పండేవి ఇలాంటివే. తొలకరి పడగానే చల్లుతారు. 1794 జూలై 10న ఈ పద్మనాభం కొండ దగ్గరే విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడి ప్రాణం విడిచాడు. జూలై అంటే ఇక్కడ మెట్టల్లో విత్తనం పడే రోజులు. ఆ యుద్ధం గురించి ఎక్కడ చదివినా, ఆ ఏడు ఈ పొలాల్లో విత్తనం సంగతి ఏమైందోనని మనసు అటే పోతుంది.

ఈ ఏటి పంటే కొనండి. పాత బియ్యం మేలన్న మాటని బొబ్బర్లకి తగిలించొద్దు. వేడీ తేమా ఉన్న చోట నెలల తరబడి నిలవున్న పప్పుధాన్యం ఎంత ఉడికించినా గట్టిగానే ఉండిపోతుంది. విశాఖ తీరంలో ఆ రెండింటికీ కొదవ లేదు. గింజని వెలుతురులో తిప్పి చూడండి. తెల్లటి చిన్న చుక్కలు అంటుకుని ఉంటే అవి పుచ్చు పురుగు గుడ్లు. గుండ్రటి కన్నం ఉంటే పురుగు అప్పటికే తిని బయటికి వెళ్ళిపోయిందన్నమాట. ఇంటికి తెచ్చిన గింజల్ని ఫ్రీజర్లో నాలుగు రోజులుంచితే గుడ్లు చస్తాయి. ఫ్రీజర్ లేకపోతే పెద్దవాళ్ళు చేసినట్టు ఆముదం చేతికి రాసుకుని గింజలకి పట్టించి డబ్బాలో పోసుకోండి.

నానబెట్టకండి

దీని మీదే ఎక్కువ గొడవ. రాజ్మాకీ పెద్ద శనగలకీ చెప్పిన నియమాన్ని బొబ్బర్లకి అంటగట్టారు. రాజ్మా పచ్చి గింజలో ఒంటికి పడని పదార్థం ఎక్కువ, అందుకే నానబెట్టాలి, బాగా మరిగించాలి. బొబ్బరి గింజకి ఆ బెడద లేదు, పొట్టు కూడా పల్చన. కొత్త పంట అయితే నానబెట్టకుండానే మామూలు గిన్నెలో ముప్పావు గంట నుంచి గంట లోపు ఉడికిపోతుంది. రాత్రంతా నానిన గింజ తొందరగా ఉడుకుతుంది, నిజమే. కానీ బియ్యం పోసేసరికి పొట్టు ఊడి, గింజ చితికి, అన్నమంతా పిండి పిండి అవుతుంది. నానబెట్టని గింజ చివరిదాకా దాని ఆకారంలో నిలబడుతుంది, పంటి కింద మెత్తగా నలుగుతుంది.

గ్యాసు సంగతి చెప్పాలి. అది అబద్ధం కాదు. మన పేగులు అరిగించుకోలేని కొన్ని రకాల చక్కెరలు పప్పుధాన్యాల్లో ఉంటాయి. పెద్దపేగులోని సూక్ష్మజీవులు వాటిని తిని గాలి పుట్టిస్తాయి. నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే వాటిలో కొంత పోతుంది, దానితో పాటు రంగూ రుచీ కొంత పోతాయి. కడుపు నిజంగా బలహీనంగా ఉన్నవాళ్ళు, డాక్టరు వద్దన్నవాళ్ళు ఈ వంట జోలికి రావద్దు. మిగిలినవాళ్ళు మొదటిసారి గిన్నెడు తినకుండా నాలుగు ముద్దలతో మొదలుపెట్టండి, వారానికోసారి వండుకోండి. ఒళ్ళు అలవాటు పడుతుంది. ఇంగువా అల్లమూ ఎలాగూ వేస్తాం.

ఉప్పు ముందు, పులుపు తర్వాత

ఉప్పు ముందే వేస్తే గింజ ఉడకదని అనుకోని ఇల్లు లేదు. జరిగేది సరిగ్గా దానికి ఎదురు. గింజ పొట్టుని గట్టిగా పట్టి ఉంచేది కాల్షియం. ఉప్పులోని సోడియం ఆ కాల్షియాన్ని తప్పించి దాని చోట కూర్చుంటుంది, పొట్టు మెత్తబడుతుంది. అందుకే నీళ్ళతో పాటే ఉప్పు పడాలి. గ్లాసు బొబ్బర్లకి చిన్న చెంచాడు రాళ్ళుప్పు చాలు. ఆ ఉప్పు గింజ లోపలిదాకా వెళ్తుంది. చివర్న వేసిన ఉప్పు మెతుకు మీదే ఉండిపోతుంది, గింజ చప్పగా మిగులుతుంది.

ఉడకనివ్వనివి చింతపండు, టమాటా, బెల్లం. మన ఉత్తరాంధ్ర చెయ్యి బెల్లం మీదికి ఊరికే పోతుంది, నాకు తెలుసు. ఈ కుండ దగ్గర ఆ చెయ్యి ఆపుకోండి. పులుపూ బెల్లమూ ముందే పడితే రెండు గంటలు మండినా గింజ లొంగదు.

ఉప్పు ముందే వేసినా, పులుపు వెయ్యకపోయినా గింజ ఉడకలేదంటే తప్పు నీళ్ళది. చాలా ఇళ్ళలో బోరు నీళ్ళు. అందులోని సున్నం గింజని బిగదీస్తుంది. మంచినీళ్ళతో వండండి. వంటసోడా మాత్రం చిటికెడు కూడా వెయ్యకండి. గింజ ఉడుకుతుంది, కట్టు సబ్బు వాసన కొడుతుంది, బి-విటమిన్లలో కొంత నాశనమవుతుంది.

కుక్కర్ దించెయ్యండి

కుక్కర్లో ఏం జరుగుతోందో కనపడదు. బొబ్బర్లన్నం కంటితో చూసి, ముక్కుతో పసిగట్టి, గరిటెతో ఎత్తి చూసి వండాల్సిన వంట. మూడు విజిల్స్‌కి ఒక సంచీలో గింజ ఉడుకుతుంది, ఇంకో సంచీలో గింజ ముద్దవుతుంది. కట్టు ఎంత మిగిలిందో మూత తీసేదాకా తెలియదు. తెలిసేసరికి దిద్దుకునే వేళ దాటిపోతుంది.

దళసరి అడుగున్న గిన్నె తీసుకోండి. పాత ఇత్తడి గుండిగ కళాయి ఉన్నది దొరికితే మరీ మంచిది, మట్టి దాక అయినా బాగుంటుంది. గ్లాసు బొబ్బర్లు కడిగి, ఐదు గ్లాసుల నీళ్ళు, ఉప్పు, చితక్కొట్టిన అల్లం ముక్క, రెండు ఎండుమిరపకాయలు వేసి పెద్ద మంట మీద పొంగు రానివ్వండి. తేలిన నురగ గరిటెతో తీసెయ్యండి, నురగ ఒక్కటే పారబోయదగింది. మంట తగ్గించి, లోతున్న పళ్ళెం మూత పెట్టి, ఆ పళ్ళెంలో నీళ్ళు పొయ్యండి. కింద ఆవిరి చల్లబడి మళ్ళీ గిన్నెలోకే కారుతుంది. పైన నీళ్ళు కాగుతుంటాయి, ఎసరు తగ్గినప్పుడు అవే పొయ్యొచ్చు. చన్నీళ్ళు మాత్రం మధ్యలో పొయ్యకండి, ఉడుకు దెబ్బతింటుంది.

గంట మంట దండగంటారు. పొంగు వచ్చాక పెట్టేది ముత్యమంత సెగ. సిలిండరు మీద పడే భారం మీరనుకున్నంత ఉండదు.

ముప్పావు గంటకి ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నొక్కండి. నలగాలి, మధ్యలో చిన్న పలుకు ఉండాలి. ఆ పలుకు బియ్యంతో పాటు ఉడుకుతుంది. ఇప్పుడు కట్టు కొలవాలి. ఈ వంటలో కొలిచి తీరాల్సింది ఇదొక్కటే. గిన్నెలోని కట్టంతా గరిటెతో వేరే పాత్రలోకి తోడండి. గ్లాసు బియ్యానికి రెండున్నర గ్లాసుల కట్టు కావాలి. తక్కువైతే మూత మీది వేడినీళ్ళు కలపండి. ఎక్కువైతే పక్కన దాచండి, దాని పని చివర్న చెప్తాను.

రేషన్ బియ్యమే వాడండి

సాంబ మసూరి అని మనం ఎగబడి కొనే బీపీటీ 5204 బాపట్ల నుంచి 1986లో వచ్చిన రకం. పప్పుచారులోకీ పెరుగులోకీ దానికి సాటి లేదు. బొబ్బర్ల బరువు కింద మాత్రం ఆ సన్న మెతుకు నలిగిపోతుంది. మారుటేరు నుంచి వచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, కాస్త దొడ్డుగా ఉంటుంది, కట్టు తాగి ఉబ్బుతుంది, విరగదు. రేషన్ బియ్యం కూడా అంతే. దొరికితే దంపుడు బియ్యం ఇంకా మేలు, దానికి అరగ్లాసు కట్టు ఎక్కువ పొయ్యాలి, ఇంకో పావుగంట ఎక్కువ ఉడకనివ్వాలి.

రేషన్ బియ్యంలో కొన్ని గింజలు మిగిలినవాటికంటే తేడాగా కనిపిస్తే ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారెయ్యకండి. నూటికి ఒక గింజ చొప్పున కలిపిన పోషక గింజలవి. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి గింజ ఆకారంలో తయారు చేస్తారు. ఒకటికి రెండుసార్లు కడిగి వదిలెయ్యండి, నీళ్ళు తేటగా వచ్చేదాకా పిసికి పిసికి కడిగితే ఉన్న బలం కూడా పోతుంది.

బొబ్బర్లెంతో బియ్యం అంత అన్న కొలత దగ్గర చాలామంది వెనక్కి తగ్గుతారు. గుప్పెడు బొబ్బర్లు చాలంటారు. తగ్గకండి. నూరు గ్రాముల ఎండు బొబ్బర్లలో సుమారు 23 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, బియ్యంలో ఏడెనిమిది గ్రాములే. బియ్యంలో కొరవడే లైసిన్ బొబ్బర్లలో ఉంది, బొబ్బర్లలో కొరవడే మెథియోనిన్ బియ్యంలో ఉంది. రెండూ సరిసమానంగా పడితే కూలి చేసే ఒంటికి నిలబడే తిండి. గుప్పెడు గింజలు చల్లితే అది అలంకారం.

అడుగంటనివ్వండి

తోడిన కట్టు మళ్ళీ గిన్నెలో పోసి, పొంగు వచ్చాక బియ్యం వెయ్యండి. ఒక్కసారి అడుగు నుంచి కలపండి. ఆ తర్వాత గరిటె గిన్నెలో పెట్టొద్దు. కలిపిన కొద్దీ మెతుకు విరిగి జిగురు వస్తుంది.

మూత పెట్టి సన్నటి సెగ మీద ఉంచితే మొదట గుబగుబ చప్పుడు వస్తుంది. పది పన్నెండు నిమిషాలకి కట్టు పైకి కనపడకుండా లోపలికి దిగుతుంది, అన్నం మీద చిన్న చిన్న గుంటలు పడతాయి, చప్పుడు తగ్గుతుంది. గిన్నె కింద ఇనప పెనం పెట్టేది అప్పుడే. కట్టెల పొయ్యి అయితే మంట పక్కకి లాగి నిప్పులు ఉంచాలి, మూత మీద కూడా నాలుగు నిప్పులు వెయ్యాలి. ఇంకో పది నిమిషాలు పోతే అడుగు నుంచి చిటపటమని సన్నగా వినిపిస్తుంది. వాసన మారుతుంది: అప్పటిదాకా ఉడుకుతున్న పప్పు వాసన, ఇప్పుడు వేయించిన వేరుశనగ వాసన. ఈ వాసన మొదలైన దగ్గర్నుంచి మరో మూడు నాలుగు నిమిషాలు ఉంచి దించండి. ముందే దించేస్తే మాడు కట్టదు, ఇంకా ఉంచితే చేదు పడుతుంది. ముక్కు గిన్నె దగ్గరే ఉండాలి, ఫోన్ మోగినా తియ్యకండి.

దించాక పావుగంట మూత ముట్టుకోవద్దు. లోపలి ఆవిరికి అడుగున గట్టిపడ్డ మాడు తనంతట తనే వదులుతుంది. అట్లకాడతో అంచు వెంబడి తిప్పితే బంగారు గోధుమ రంగులో పెచ్చులుగా లేస్తుంది. అందులో ఇరుక్కున్న బొబ్బర్లు కరకరలాడతాయి. పిల్లలున్న ఇంట్లో దీనికి తగువు పడుతుంది, ముందే వాటాలు వేసి పెట్టుకోండి. నల్లగా బొగ్గైన మాడు తినకూడదు, చెప్పేది గోధుమ రంగు మాడు గురించే.

ఉక్కునగరంలో ఉండే మా మేనకోడలు మొదటిసారి వండి, అన్నం ఇంకా పొయ్యి మీద ఉండగానే ఫోన్ చేసింది.

"అత్తా, అన్నం నల్లగా వచ్చిందేటే. ఆయన చూసి ముఖం అదోలా పెట్టుకున్నారు."

"నల్లగా రాకపోతే నాకు ఫోన్ చెయ్యాలి గానీ, వస్తే ఏటమ్మా? ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది. మాడు కూడా కట్టినట్టుంది, వాసనొస్తోంది."

"అయితే దించి, వేడిగా ఉండగానే క్యారేజీ కట్టీ. బి-షిఫ్ట్ కదా, సాయంత్రం తింటారు. అప్పుడు చూద్దాం ముఖం."

క్యారేజీలోకి ఇంత అనువైన అన్నం నాకు ఇంకోటి తెలియదు. కూర వేరే గిన్నెలో అక్కర్లేదు, చల్లబడినా ముద్దకట్టి గట్టిపడదు. మూడు నాలుగు గంటలు గడిచేసరికి గింజలోని ఉప్పూ మెతుకులోని కట్టూ ఒకదానికొకటి ఇంకి రుచి పెరుగుతుంది. ఉక్కపోత రోజుల్లో మాత్రం చీకటి పడేలోపు తినెయ్యమని చెప్పి పంపండి.

పందిమాంసం బదులు భీమిలి రొయ్య

కరోలినా వంటలో పందిమాంసం మూడు పనులు చేస్తుంది: ఉప్పదనం, కొవ్వు, పొగ వాసన. మన కుండలో కొవ్వు పని నువ్వుల నూనె చూసుకుంటుంది. మిగతా రెండూ ఎండు రొయ్యలు చూసుకుంటాయి. గోస్తనీ నది మా పద్మనాభం పక్కగా పారి సముద్రంలో కలిసేది భీమిలి దగ్గరే. అక్కడి ఇసకలో ఎండిన రొయ్యలు మా సంతలకి రావడం కొత్తేం కాదు. రొయ్యల్ని వంకాయలోనే వెయ్యాలని ఎవరు శాసించారో గానీ, బొబ్బర్లలో వేసి చూసినవాళ్ళు మళ్ళీ వంకాయ దగ్గరికి వెళ్ళడానికి ఆలోచిస్తారు.

గుప్పెడు రొయ్యలు వట్టి పెనం మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, చేటలో పోసి అరచేత్తో నలిపితే తలలూ కాళ్ళూ రాలిపోతాయి. చెరిగి, వేడినీళ్ళలో రెండుసార్లు కడిగితే ఇసక పోతుంది. గింజలు సగం ఉడికినప్పుడు వీటిని కట్టులో వెయ్యండి. రొయ్యల్లో ఉప్పుంటుంది కాబట్టి మొదట వేసే ఉప్పు సగానికి తగ్గించాలి. రొయ్యలు పడనివాళ్ళు ఇంట్లో ఉంటే ఈ భాగం పూర్తిగా మానెయ్యండి. ఒకే కుండలో ఒక పక్కగా వేస్తే సరిపోదు.

కార్తీకంలో, నోముల రోజుల్లో నీచు ముట్టరు. అప్పుడు పొగ వాసనకి రెండు ఉల్లిపాయలు పొట్టుతో నిప్పుల మీద కాల్చి, పైపొర తీసి, నలిపి కట్టులో వెయ్యండి. ఉల్లి కూడా మానేవాళ్ళకి కాల్చిన కొబ్బరి ముక్క. కార్తీక మాసం చివర అమావాస్యనాడు పద్మనాభం కొండకి దీపోత్సవం చేస్తారు, అడుగు నుంచి శిఖరం దాకా వెయ్యికి పైగా మెట్ల మీద దీపాలు వెలుగుతాయి. కింద కుంతీమాధవస్వామిని చూసుకుని, పైకెక్కి అనంత పద్మనాభస్వామి దర్శనం చేసుకుని దిగేసరికి కాళ్ళు పీకుతుంటాయి, కడుపు కరకరలాడుతుంటుంది. ఆ ఆకలికి పులిహోర చాలదు. వనభోజనాల నుంచి దీపోత్సవం దాకా ఆ నెలంతా ఈ అన్నం వండమని చెప్తున్నాను. పైగా ఉసిరికాయలు కాసే కాలం. పచ్చి ఉసిరి పచ్చడి ఈ అన్నంలో నంజుకుంటే అందులోని సి-విటమిన్ బొబ్బర్లలోని ఇనుము ఒంటికి పట్టడానికి సాయపడుతుంది.

పోపు గురించి రెండు మాటలే. తక్కువ వెయ్యండి, చివర్న వెయ్యండి. రెండు గరిటెల నువ్వుల నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, నలిపిన వెల్లుల్లి, ఇంగువ, కరివేపాకు వేగాక అన్నం మీద పోసి, అంచుల నుంచి తేలిగ్గా కలపండి. గరం మసాలా, పుదీనా, జీడిపప్పు, నెయ్యి వద్దే వద్దు. బిర్యానీ చెయ్యాలనుకుంటే బిర్యానీ చేసుకోండి. ఈ అన్నానికి ఆ వేషం కట్టొద్దు.

పక్కన ఆకుకూర ఉండాలి. అమెరికా దక్షిణాదిలో కొలార్డ్ అనే ముదురాకుకూర పెట్టుకుంటారు. మనకి తోటకూర పులుసు, గోంగూర పచ్చడి, బచ్చలి ఉన్నాయి. పెరట్లో బొబ్బరి పాదు ఉంటే లేత ఆకులు కూడా కోసి వండుకోండి. ఆఫ్రికాలో చాలా దేశాల్లో అవి రోజూ తినే ఆకుకూర. మన దగ్గర పశువులకి వేస్తున్నాం.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. డిసెంబరు చివర్లో అక్కడి సూపర్‌మార్కెట్లలో ఈ గింజల సంచులు గుట్టలుగా పోస్తారు. గుగ్గిళ్ళకని ఒక సంచీ తెచ్చి అలమరలో పడెయ్యకండి. జనవరి 1న ఈ అన్నం వండి, పక్కింటి నల్లజాతి కుటుంబం వండినదీ మీరు వండినదీ ఒకే పళ్ళెంలో పెట్టుకుని తినండి. మన బొబ్బర్ల వడకి నైజీరియాలో అకరా అని, బ్రెజిల్లోని బహియాలో అకరజే అని తోబుట్టువులున్నారు. ఆ చుట్టరికం వాళ్ళకి చెప్పండి, వాళ్ళ నుంచి వినండి.

ఇక మిగిలిన అన్నం. పప్పు కలిసిన అన్నం ఉత్త అన్నంకంటే తొందరగా పాడవుతుంది, చద్దికని రాత్రంతా బయట ఉంచొద్దు. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పెనం మీద నువ్వుల నూనె రాసి, అన్నాన్ని పల్చగా నొక్కి, రెండు వైపులా కాల్చండి. అదంతా మాడే అవుతుంది.

కొలిచినప్పుడు ఎక్కువైన కట్టు పక్కన పెట్టమన్నాను కదా. ఇప్పుడు పులుపు వెయ్యొచ్చు, బెల్లమూ వెయ్యొచ్చు. నిమ్మకాయంత చింతపండు పిండి ఆ కట్టులో పోసి, పచ్చిమిర్చి చీలికలు, చిన్న బెల్లం ముక్క, దంచిన మిరియాలు, జీలకర్ర వేసి రెండు పొంగులు రానివ్వండి. గరిటెడు ఉడికిన బొబ్బర్లు మెదిపి కలిపితే చిక్కబడుతుంది. కొత్తిమీర వేసి దించి, ఆ పూటకే తాగెయ్యండి.